చెవితో పెట్టిన టైమింగ్ చెల్లదు

వేట నిషేధం మొదలైతే శ్రీకాకుళం జిల్లా నౌపడ చుట్టుపక్కల ఇంజిన్ మెకానిక్కులకు ఊపిరి సలపదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో ఇంజిన్ బోట్లు వేటకు పోకూడదు. భావనపాడు వైపు ఫైబర్ బోట్ల ఇంజిన్లన్నీ ఆ రెండు నెలల్లోనే విప్పుతారు. హెడ్డు ఊడుతుంది, రింగులు మారతాయి, నాజిల్ శుభ్రమవుతుంది. అన్నీ బిగించాక మిగిలేది టైమింగ్. అప్పటిదాకా ఫీలర్ గేజీ పట్టి ట్యాపెట్లు సరిచేసిన చెయ్యి అక్కడ గేజీని కింద పెట్టేస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, తల ఒక పక్కకి వంచి వింటారు. ఎందుకలా అంటే వచ్చే జవాబు ఒకటే: "ఇంజిను మాటాడతాది, మనం ఇనాల."

ఈ మాట రేవు రేవుకీ ఉంది. పాత ఇంజిన్‌కి టైమింగ్ చెవితోనే పెట్టాలన్నది ఇక్కడ సిద్ధాంతంగా స్థిరపడిపోయింది. అది తప్పు. దానివల్ల డీజిల్ పోతోంది, బేరింగులు పోతున్నాయి, మణికట్లు విరుగుతున్నాయి.

ముందుగా ఆ వాదాన్ని దాని బలంతో సహా చెబుతాను. పుస్తకంలో రాసిన డిగ్రీలు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన ఇంజిన్‌కి. ఏళ్ళ తరబడి ఉప్పుగాలి తిన్న ఇంజిన్ ఆ లెక్కకి లొంగదు. బోరు అరిగింది, క్యామ్ అరిగింది, పంపు ఒక కంపెనీది, నాజిల్ ఇంకో కంపెనీది. అలాంటి ఇంజిన్‌కి ఏది నప్పుతుందో చెయ్యి తిరిగిన మెకానిక్ చెవికే తెలుస్తుంది. పైగా కంపెనీవాళ్ళు జాగ్రత్త కోసం టైమింగ్ కొంచెం వెనక్కే పెడతారు. దాన్ని ముందుకు జరిపితే పవరు పెరుగుతుంది, డీజిల్ కలిసొస్తుంది. కొలిచే పనిముట్లు షోరూములో ఉంటాయి గాని ఇసకలో కూచుని పనిచేసేవాడికి ఎక్కడివి? ఇన్నేళ్ళూ ఈ తీరంలో బోట్లు నడిచింది చెవితో పెట్టిన టైమింగ్‌తోనే కదా?

ఇలా అనేవాళ్ళు పని రానివాళ్ళు కారు. బేరింగు లూజైందని, ట్యాపెట్ కొడుతోందని పది బారల దూరం నుంచే పసిగట్టే చెవులు వాళ్ళవి. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. అయితే చప్పుడు చెడిందని చెవి చెబుతుంది గాని ఎందుకు చెడిందో, ఎన్ని డిగ్రీలు చెడిందో చెప్పలేదు. టైమింగ్‌కి కావలసినవి ఆ రెండే.

1. చెవికి ఏం వినిపిస్తోంది?

టైమింగ్ అంటే ఏమిటో ఒక్కమాటలో చెప్పుకుందాం. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వస్తున్నప్పుడు, పూర్తిగా పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే నాజిల్ డీజిల్ చిమ్మాలి. పెట్రోలు, కిరోసిన్ ఇంజిన్లలో అదే పని ప్లగ్గు నిప్పురవ్వతో చేస్తుంది. ఎన్ని డిగ్రీల ముందు అన్నదే టైమింగ్.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో 9,000వ వంతు. 3000 చుట్ల ఇంజిన్‌లో 18,000వ వంతు. ఇంత చిన్న తేడాని ఏ మనిషి చెవీ పట్టలేదు. చెవిని సమర్థించేవాళ్ళు దీనికి బదులు చెబుతారు: మేం వినేది ఆ క్షణాన్ని కాదు, దాని ఫలితాన్ని, కొట్టుడు పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని అని. సరే, ఆ కొట్టుడు దేనివల్ల వస్తుంది?

నాజిల్ చిమ్మిన డీజిల్ పడీ పడగానే అంటుకోదు. వేడి గాలిలో ఆవిరై, గాలితో కలిసి, రాజుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో పోగుపడిన డీజిల్ అంతా ఒక్కసారిగా మండితే వచ్చే దెబ్బే మనం వినే కొట్టుడు. డీజిల్ మంటని ఇలా దశలుగా విడదీసి చూపినవాడు ఇంగ్లండు ఇంజినీరు హ్యారీ రికార్డో. ఆ వ్యవధి టైమింగ్ వల్లే పెరగాలని లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నా పెరుగుతుంది. కంప్రెషన్ తగ్గినా, నాజిల్ మంచులా చిమ్మకుండా ధారగా కార్చినా, డీజిల్ కల్తీదైనా పెరుగుతుంది. అయిదు రోగాలకూ లక్షణం ఒకటే అయినప్పుడు, ఆ లక్షణాన్ని విని ఎప్పుడూ ఒకే మందు వెయ్యడం వైద్యం అవుతుందా? నాజిల్ చెడితే కొట్టుడు వచ్చింది. మెకానిక్ టైమింగ్ వెనక్కి లాగి దాన్ని తగ్గించాడు. ఇప్పుడు నాజిల్ చెడ్డదే, టైమింగూ చెడ్డదే. చప్పుడు మాత్రం బాగుంది.

పైగా వినేది ఎక్కడ? ఒడ్డున. ప్రొపెల్లరు గాలిలో తిరుగుతుంది, ఇంజిన్ మీద బరువు లేదు. నాలుగైదు నిమిషాలు నడిపి ఆపేస్తారు, ఇంజిన్ సగం చల్లగానే ఉంటుంది. చల్లటి ఇంజిన్ ఎక్కువగా కొడుతుంది. అది విని టైమింగ్ వెనక్కి జరిపితే శబ్దం మెత్తబడుతుంది, విన్నవాళ్ళందరూ బాగుందంటారు. అదే ఇంజిన్ వలలు, ఐసు పెట్టెలు, మనుషులతో నిండిన బోటుని కెరటానికి ఎదురు తొయ్యవలసి వచ్చినప్పుడు డీజిల్ ఆలస్యంగా మండుతుంది. పిస్టన్‌ని తొయ్యవలసిన వేడి సైలెన్సరులోకి పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది, హెడ్డు వేడెక్కుతుంది, బోటు బరువుగా నడుస్తుంది. ఈ తప్పుకి చప్పుడు లేదు. చెవికి అందని తప్పులన్నిటిలో పెద్దది ఇదే: ఆలస్యమైన టైమింగ్ చెవికి ఇంపుగా ఉంటుంది.

ఇంకొకటి. చెవితో పెట్టినదాన్ని సరిచూసే దారి లేదు. ఒకాయనకి గట్టిగా, టకటకమని కొడితేనే ఇంజిన్‌కి సత్తువ ఉన్నట్టు. ఇంకొకాయనకి మెత్తగా నడిస్తేనే ఆయుష్షు ఉన్నట్టు. ఇద్దరూ పేరున్నవాళ్ళే. ఒకే ఇంజిన్‌ని వరసగా ఇద్దరి చేతికీ ఇస్తే రెండు టైమింగులు వస్తాయి. ఏది సరైనదో తేల్చాలంటే మళ్ళీ కొలవడమే గతి.

ఈ అలవాటు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. నౌపడ ఉప్పు మడుల్లో ఉప్పునీళ్ళు తోడే పంపుసెట్లనీ, బోటు ఇంజిన్లనీ బాగుచేసే చేతులు చాలావరకు ఒకటే. పంపుసెట్టు నేల మీద, మారని బరువుతో, కళ్ళెదుట నడుస్తుంది. ఇవాళ తేడా వస్తే రేపు మళ్ళీ విప్పొచ్చు. అక్కడ చెవితో నెట్టుకు రావచ్చు. పంపుసెట్టు ఆగితే మడికి నీళ్ళు ఆలస్యమవుతాయి. గాలి ఒడ్డు నుంచి వీస్తున్నప్పుడు బోటు ఇంజిన్ ఆగితే మనుషులు కొట్టుకుపోతారు. రెండింటికీ ఒకే ఓపిక సరిపోదు.

2. అరిగిన ఇంజిన్‌కే కొలత ఎక్కువ కావాలి

'పాత ఇంజిన్‌కి పుస్తకం లెక్క పనికిరాదు' అన్న మాటకి అందరూ తలాడిస్తారు, వినడానికి అనుభవంతో చెప్పినట్టు ఉంటుంది కనుక. అందులో తర్కం తలకిందులైంది.

పుస్తకంలో ఉన్న డిగ్రీలు క్యామ్ గురించి కాదు, ప్లంజర్ గురించీ కాదు. పిస్టన్ ఎక్కడ ఉన్నప్పుడు డీజిల్ పడాలి అన్నదే ఆ లెక్క. క్యామ్ అరిగినా, రోలరు అరిగినా, ప్లంజర్ అరిగి డీజిల్ పక్కనుంచి జారిపోతున్నా, ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం వెనక్కి జరుగుతుంది. నాజిల్ స్ప్రింగు నీరసించి, సుమారు 200 బార్ దగ్గర తెరుచుకోవలసింది అంతకంటే తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే కొంచెం ముందుకు జరుగుతుంది. అంటే అరుగుదల టైమింగ్‌ని కదిలిస్తుంది. ఎంత కదిలిందో తెలుసుకుని వెనక్కి తేవడానికే కొలత. కొత్త ఇంజిన్‌ని కొలవకపోయినా ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఉంటుంది. కొలవకపోతే మునిగేది పాతదే.

ఈ కదలిక ఎంత సులువుగా వస్తుందో దగ్గరగా చూడాలి. ఈ చిన్న డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి ఫ్యూయల్ పంపు క్యామ్ పైన ఫ్లాంజితో బిగించి ఉంటుంది. ఫ్లాంజి కింద పలచని షిమ్ములు, ఒక కాగితం ప్యాకింగు. వాటి మందమే టైమింగ్. మందం పెరిగితే పంపు పైకి లేస్తుంది, క్యామ్ ఇంకాస్త తిరిగితే గాని ప్లంజర్ నొక్కడం మొదలుపెట్టదు, ఇంజెక్షన్ ఆలస్యమవుతుంది. మందం తగ్గితే ముందవుతుంది. పంపు విప్పినప్పుడు పాత ప్యాకింగు చిరుగుతుంది. కొత్తది టెక్కలి నుంచి తేవాలి. ఎవరు పోతారు? పాత క్యాలెండరు అట్టని ఫ్లాంజి మీద పరిచి, అంచుల వెంట సుత్తితో మెల్లగా తడతారు. ఇనప అంచుకి అట్ట తెగి ఫ్లాంజి ఆకారం వచ్చేస్తుంది. బోల్టు రంధ్రాలు కూడా అలాగే తెగుతాయి. గ్రీజు రాసి బిగిస్తారు. చక్కటి చేతిపని. ఒక్క చుక్క కూడా కారదు. ఆ అట్ట మందం మాత్రం ఎవరూ చూడరు. కారకుండా పెట్టిన ఆ ముక్కే ఇంజెక్షన్‌ని వెనక్కి నెట్టిందని ఎవరికీ తెలియదు. తరవాత పొగ వస్తే నాజిల్ మారుస్తారు, పవరు లేకపోతే రింగులు మారుస్తారు.

ఎదుటివాదంలో ఒక పిసరు నిజం ఉంది, దాన్ని దాచను. కంప్రెషన్ తగ్గిన ఇంజిన్‌లో డీజిల్ రాజుకునే వ్యవధి పెరుగుతుంది కనుక, ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరిపితే మంట మళ్ళీ సరైన చోటికి దగ్గరవుతుంది. కానీ దాని మూల్యం చూడండి. పిస్టన్ ఇంకా కిందే ఉండగా పడిన డీజిల్‌కి అందే వేడి తక్కువ. అసలే కంప్రెషన్ లేని ఇంజిన్ తెల్లవారుజామున స్టార్ట్ కావడానికి ఇంకా మొండికేస్తుంది. కంప్రెషన్ పోతే రింగులు మార్చాలి, వాల్వులు గ్రైండ్ చెయ్యాలి. ఆ ఒకటి రెండు డిగ్రీలైనా జరిపామని చెప్పాలంటే ముందు ఎక్కడున్నామో తెలియాలి కదా.

3. ముందుకు జరిపితే పవరు పెరుగుతుందా?

అన్ని నమ్మకాల్లోకీ ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఇది అనుభవం నుంచి పుట్టింది కనుక నోటిమాటతో పోదు.

ఆ అనుభవం ఇలా వచ్చింది. క్యామ్ అరిగో, అట్ట ప్యాకింగు వల్లో ఇంజిన్ నాలుగైదు డిగ్రీలు వెనకబడి ఉంది. మెకానిక్ ఒక షిమ్ము తీశాడు. బోటు చురుగ్గా నడిచింది, పొగ తగ్గింది. 'ముందుకు జరిపితే పవరు పెరిగింది' అనుకున్నాడు. జరిగింది అది కాదు. వెనకబడినది తన చోటికి తిరిగొచ్చింది. తిరిగి రావడాన్ని ముందుకు పోవడంగా లెక్కవేసి, ఆ పాఠాన్ని తరవాతి ఇంజిన్ మీద కూడా ప్రయోగిస్తాడు. అది సరైన చోటే ఉన్న ఇంజిన్ కావచ్చు. అక్కడ కూడా ఒక షిమ్ము తీస్తాడు. మొదలెక్కడో తెలియకుండా దిక్కుని మాత్రం గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిన ముప్పు ఇది.

సరైన చోటు దాటి ముందుకు జరిపితే ఏమవుతుంది? సిలిండరులో ఒత్తిడి శిఖరానికి చేరవలసింది పిస్టన్ పై చివర దాటి పది పదిహేను డిగ్రీలు కిందికి దిగాక. అప్పుడు కనెక్టింగ్ రాడ్డు వాలుగా ఉంటుంది, తోపు క్రాంకుని తిప్పుతుంది. మంట ముందే మొదలైతే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి పెరుగుతుంది. ఇంజిన్ తన మంటని తానే ఎదిరించి పైకి తొయ్యవలసి వస్తుంది. పై చివర దగ్గర రాడ్డు నిటారుగా ఉంటుంది కనుక, అక్కడ పడే దెబ్బ క్రాంకుని తిప్పదు. గడ్జన్ పిన్ను, బిగ్ ఎండ్ బేరింగు, హెడ్ గాస్కెట్ దాన్ని తినాలి.

దెబ్బ ఎంతో లెక్కవేసి చూపుతాను. మన ఇంజినీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో తరచు కనిపించే కిర్లోస్కర్ టీవీ-1 ఇంజిన్ తీసుకుందాం. బోరు 87.5 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ., వేగం 1500 చుట్లు, ఇంజెక్షన్ పై చివరకి 23 డిగ్రీల ముందు. పిస్టన్ తల వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. టైమింగ్ ముందుకు జరిగి శిఖర ఒత్తిడి 10 బార్ పెరిగిందనుకోండి, పిస్టన్ మీద పడే అదనపు భారం 600 కిలోలు దాటుతుంది. ఈ ఇంజిన్ గంటకు 45,000 సార్లు మండుతుంది. ఇసకలో బిగించిన ఇంజిన్ ఆ 600 కిలోల దెబ్బని గంటకు 45,000 సార్లు ఓర్చుకుని, ఓ రోజు బేరింగు పోగొట్టుకుంటే 'డూప్లికేట్ బేరింగు' అని దుకాణదారుణ్ణి తిట్టుకుంటారు. బేరింగు డూప్లికేటో కాదో గాని, టైమింగ్ మాత్రం ఎవరూ కొలవలేదు.

మనుషులకి తగిలే దెబ్బ ఇంతకంటే సూటిగా ఉంటుంది. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే ఇంజిన్‌లో ఇంజెక్షన్ మరీ ముందుంటే, చేతి వేగానికి ఫ్లైవీల్ పై చివర దాటకముందే మంట అంటుకుంటుంది. పిస్టన్ వెనక్కి తంతుంది. హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టి పట్టుకున్నవాడికి వేలు పోతుంది, మణికట్టు విరుగుతుంది. అలా కట్టు కట్టించుకుని నెలరోజులు వేట మానేసిన కుర్రవాణ్ణి ఈ తీరంలోనే చూశాను. 'చెయ్యి సరిగ్గా పట్టలేదు' అన్నారు అందరూ. చెయ్యి ఎలా పట్టాలో నేర్పవలసిందే. ఇంజిన్ ఎందుకు తన్నిందని ఒక్కరూ అడగలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. తప్పు ఇంజిన్‌ది, దాన్ని అలా పెట్టినవారిది. నింద కూలికి పోయిన కుర్రవాడిది.

మన రేవుల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. హార్బరు లేని చోట బోటు కెరటాలు విరిగే గీత దాటి పోవాలి, దాటి రావాలి. ఆ గీతలో ఇంజిన్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది, తరవాతి కెరటం బోల్తా కొట్టిస్తుంది. అక్కడ కావలసింది ఆగకుండా నడిచే ఇంజిన్, ఆగితే రెండో తిప్పుకి తిరిగి అందుకునే ఇంజిన్. ఒడ్డున టకటకమని ముచ్చటగా మోగినందువల్ల ఆ రెండూ రావు.

4. డీజిల్ ఎక్కడ మిగులుతుంది

టైమింగ్ సరైన చోట ఉంటే డీజిల్ వృథా కాదు, నిజమే. సరైన చోటు దాటి ముందుకు తోస్తే అదనంగా మిగిలేది ఏమీ లేదు. డీజిల్ మిగలాలంటే చూడవలసిన చోటు వేరు.

మద్రాసు కేంద్రంగా పనిచేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ కోసం బోటు రూపశిల్పి గుల్‌బ్రాండ్సెన్ 1986లో చిన్న చేపల బోట్ల ఇంధన ఖర్చు మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో ఎక్కువ బరువు పడింది ఒకే మాట మీద: వేగం తగ్గించండి. కారణం లెక్కలోనే ఉంది. ప్రొపెల్లరు అడిగే శక్తి చుట్ల ఘనంతో పెరుగుతుంది. చుట్లు పది శాతం తగ్గిస్తే అడిగే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది. బోటు అడుగుకి పట్టిన నాచు, గవ్వలు గీకడం, ఇంజిన్‌కి తగిన ప్రొపెల్లరు వెయ్యడం ఆ తరవాతివి. థ్రాటిల్ చివరిదాకా లాగి, అడుగు గీకకుండా, షిమ్ము ఒకటి తీసి డీజిల్ మిగలాలనుకోవడం ఆశే.

నల్లపొగ సంగతీ అంతే. నల్లపొగ కనిపిస్తే చాలు 'టైమింగ్ పోయింది' అంటారు. ప్రొపెల్లరు పెద్దదై ఇంజిన్ మీద భారం ఎక్కువైనా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, నాజిల్ కారుతున్నా నల్లపొగే. ముందు అవి చూడాలి.

5. కిరోసిన్ మోటార్ల మాట

పాయింట్లు, మాగ్నెటో ఉన్న పాత ఔట్‌బోర్డు మోటార్లు ఇప్పుడు ఇక్కడ అరుదు. ఉన్నవాటికి ఈ చెవి సిద్ధాంతం ఇంకా ప్రమాదం. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చి నడుపుతారు. టైమింగ్ వినేది ఒడ్డున, పెట్రోలు మీద, బరువు లేకుండా. కిరోసిన్‌కి పెట్రోలు ఓర్చుకున్నంత ముందు టైమింగ్ ఓర్చుకునే గుణం లేదు. నిండు బరువు మీద, వేడి ఇంజిన్‌లో, తనంత తానే పేలుతుంది. అది వినిపించేది నడి సముద్రంలో, అదీ టూస్ట్రోక్ మోత మధ్య. వినిపించకపోతే పిస్టన్ తల చిల్లు పడ్డాకే తెలుస్తుంది.

వీటిలో పాయింట్ల గ్యాపే టైమింగ్‌ని మారుస్తుంది. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే విడతాయి, నిప్పురవ్వ ముందవుతుంది. రుద్దుకునే దిమ్మ అరిగి గ్యాపు తగ్గితే ఆలస్యమవుతుంది. ఆ గ్యాపు అర మిల్లీమీటరు లోపు విషయం. ఉప్పు పట్టిన పాయింట్లని గరుకు కాగితంతో రుద్ది, కంటి అంచనాతో బిగించి, టైమింగ్ ముట్టుకోలేదు అనుకుంటారు. ముట్టుకున్నారు.

6. పుస్తకం లేదు, పనిముట్లు లేవు అన్న సాకు

ఇక మిగిలింది ఖర్చు. ఇది మాత్రం పేదరికాన్ని అడ్డం పెట్టుకుని చెప్పే మాట కనుక జాగ్రత్తగా జవాబు చెప్పాలి. కావలసినవి ఇవి: దర్జీ టేపు, సుద్దముక్క లేదా సన్నటి పంచ్, వెర్నియర్ క్యాలిపరు, ఇంజిన్ పక్కన బిగించుకునే సూది లాంటి తీగముక్క. ట్యాపెట్ గేజీ ఉన్న మెకానిక్ దగ్గర వీటిలో సగం ఇప్పటికే ఉన్నాయి.

మొదట పిస్టన్ పై చివర ఎక్కడో ఫ్లైవీల్ మీద గుర్తించాలి. నిషేధం రోజుల్లో హెడ్డు ఎలాగూ విప్పి ఉంటుంది. పిస్టన్ పైకి వచ్చిందని కంటితో చూసి గుర్తు పెడితే తప్పు వస్తుంది. పై చివర దగ్గర పిస్టన్ దాదాపు నిలిచిపోతుంది. ఇందాక చెప్పిన టీవీ-1 కొలతల్లో క్రాంకు అయిదు డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది పావు మిల్లీమీటరే. అందుకని పిస్టన్ పైకి వస్తూ బ్లాకు అంచుకి ఒక లోతులో ఉన్నప్పుడు ఒక గుర్తు, దాటి కిందికి దిగి సరిగ్గా అదే లోతుకి వచ్చినప్పుడు ఇంకో గుర్తు పెట్టి, రెండింటికీ నడిమధ్య పంచ్ కొట్టాలి. అదే పై చివర.

తరవాత ఫ్లైవీల్ చుట్టుకొలత టేపుతో కొలిచి 360తో భాగిస్తే ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. చుట్టుకొలత 900 మి.మీ. అయితే డిగ్రీకి రెండున్నర మి.మీ. ఇరవై మూడు డిగ్రీలంటే యాభై ఏడున్నర మి.మీ. ఆ దూరంలో రెండో గుర్తు.

ఇంజెక్షన్ ఎప్పుడు మొదలవుతోందో చూడటం దీనికంటే సులువు. పంపు నుంచి నాజిల్‌కి పోయే పైపు విప్పి, థ్రాటిల్ తెరిచి, పంపులో గాలి లేకుండా చేసి, పంపు మూతి తుడిచి డీజిల్ అంచుదాకా నిలిచేలా చూసుకోవాలి. ఇంజిన్ తిరిగే దిక్కులోనే ఫ్లైవీల్ మెల్లగా తిప్పాలి. మూతిలో నిలిచిన డీజిల్ మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు కదిలిన క్షణాన చెయ్యి ఆపాలి. ఫ్లైవీల్ మీద సూది చూపే చోటే మీ టైమింగ్. చెయ్యి దాటిపోతే వెనక్కి తిప్పి సరిచెయ్యకూడదు, గేర్ల లూజు మోసం చేస్తుంది. చాలా వెనక్కి తీసుకుపోయి మళ్ళీ ముందుకు రావాలి. గుర్తు దాటాక కదిలితే షిమ్ము తియ్యాలి, గుర్తు కంటే ముందే కదిలితే షిమ్ము వెయ్యాలి.

పుస్తకం లేదా? ఇంజిన్ మీద మోడలు పలక ఉంటే అదే మోడలు లెక్క డీలరు దగ్గర దొరుకుతుంది. పలక తుప్పు పట్టిపోయినా దారి ఉంది. ఊళ్ళో అదే రకం ఇంజిన్ ఒకటి బాగా నడుస్తోందని అందరూ ఒప్పుకుంటే, విప్పకముందే దాని టైమింగ్ కొలిచి రాసుకోండి. పంపు ఒక కంపెనీది, నాజిల్ ఇంకో కంపెనీది అయిన కలగాపులగం ఇంజిన్ అయితే దగ్గరి మోడలు లెక్కతో మొదలుపెట్టి, ఉప్పుటేరులో బోటుని గుంజకి కట్టి, ఒకే థ్రాటిల్ మీద నడిపి, కొలత గీతలున్న సీసాలో 100 మిల్లీలీటర్ల డీజిల్ ఎన్ని సెకన్లు వచ్చిందో చూడండి. ఒక డిగ్రీ మార్చి మళ్ళీ చూడండి. ఇంజిన్ మాట్లాడేది ఇక్కడ. నిజంగా దాని మాటే వినాలంటే బరువు మీద, గడియారంతో వినాలి.

'ఇన్నేళ్ళూ నడిచాయి కదా' అన్న చివరి మాటకి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నడిచినవే మన కళ్ళకి కనిపిస్తాయి. ఆగిపోయినవి పాత ఇనుము బరువుకి పోయాయి, అవి ఎందుకు ఆగాయో ఎవరూ రాసిపెట్టలేదు.

రాసిపెట్టడం దగ్గరే పని మొదలవ్వాలి. లీటరు డీజిల్ మీద రాయితీని ప్రభుత్వం 2019లో రూ.9కి పెంచింది. నిషేధ కాలపు భృతి 2025లో రూ.20,000 అయింది, ఆ చెల్లింపు మన జిల్లాలోనే, బుడగట్లపాలెంలో మొదలుపెట్టారు. ఇంత డబ్బు వెచ్చిస్తున్నప్పుడు, ఆ 61 రోజుల్లోనే రేవు రేవుకీ వెళ్ళి టైమింగ్ కొలవడం నేర్పడానికి ఏం అడ్డం? విశాఖలో మెరైన్ ఫిట్టర్లకి శిక్షణ ఇచ్చే సిఫ్నెట్ కేంద్రం ఉంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది. అక్కడి బోధకులు భావనపాడు రావాలి. మన మెకానిక్కులు అక్కడికి పోతే రోజు కూలి పోతుంది కనుక బోధనే ఇసకలోకి రావాలి, విప్పిన ఇంజిన్ల దగ్గరికి.

అది వచ్చేదాకా బోటు యజమానులు ఆగనక్కర్లేదు. ఈసారి ఇంజిన్ విప్పించినప్పుడు నాలుగు సంగతులు పెయింటుతో ఫ్లైవీల్ కవరు మీద రాయించుకోండి: పై చివర గుర్తు ఉందని, ఇంజెక్షన్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉందని, పంపు కింద షిమ్ములూ ప్యాకింగూ కలిపి ఎంత మందమని, తేదీ. ఆ పనికి మెకానిక్ అదనంగా అడిగితే ఇవ్వండి, అది న్యాయమైన కూలి. ఆ నాలుగూ రాయకుండా, తల వంచి విని 'సరిపోయింది' అంటే మాత్రం ఆ ఇంజిన్‌ని బోటు ఎక్కించకండి.